నాన్న పెట్టిన నిఘా సాఫ్ట్‌వేర్ ఇంటి కంప్యూటర్‌లో కనిపించింది, తీసేయనా?

అమ్మా, ఈ రోజుకు దాని జోలికి వెళ్లకు. మీ నాన్నగారు చేసిన పని సబబని నేననడం లేదు. అది ఆయన పెట్టిందేనని నీకింకా రూఢిగా తెలియదు. ఆయనదే అయినా, చెప్పకుండా తీసేస్తే ఆ కబురు నువ్వు చెప్పేలోపే ఆయనకు చేరవచ్చు. తమను ఎవరైనా తొలగించబోతే పెట్టినవారికి కబురు పంపే ఏర్పాటు ఈ రకం సాఫ్ట్‌వేర్లలో కొన్నిటికి ఉంటుంది. అప్పుడు మాట నీ చేతిలో ఉండదు. "దాచడానికేమీ లేకపోతే ఎందుకు తీసేశావు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవడంతోనే సరిపోతుంది.

నువ్వు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. మీది కాశీబుగ్గ. నీకు పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. నాన్నగారు దుబాయ్‌లో పనిచేస్తారు, సంక్రాంతికి వచ్చి వెళ్లారు. ఆ తర్వాత కంప్యూటర్ మందగించింది. కారణమేమిటా అని, నడుస్తున్న ప్రోగ్రాములన్నీ చూపే టాస్క్ మేనేజర్ తెరిస్తే ఎన్నడూ చూడని పేరొకటి కనిపించింది. ఆ పేరు వెతికితే, పిల్లల మీద కన్నేసి ఉంచడానికి తల్లిదండ్రులకు అమ్మే సాఫ్ట్‌వేర్ అని తేలింది. స్నేహితురాలు తన ఇంటి గొడవలు నీతో చెప్పుకున్నవన్నీ నాన్న చదివేశారేమోనని నీ భయం. ఇది నేరం కాదా అని నీ కోపం. అమ్మకు తెలుసో లేదో తెలియదు. తమ్ముడు కూడా అదే కంప్యూటర్ వాడతాడు. ఆన్‌లైన్ బ్యాంకు పని కూడా అమ్మ దాంట్లోనే చూసుకుంటారు. ఈ చివరి ముక్కను నువ్వు ఏదో మాటవరసకు రాసినట్టున్నావు. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

నేను శ్రీకాకుళంలో, ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో కంప్యూటర్ల దుకాణం నడుపుతున్నాను. అంతకుముందు అక్కడే ఇంటర్నెట్ సెంటర్ పెట్టాను. ఇలాంటివి పెట్టించుకోవడానికి వచ్చే తండ్రులనూ, గుట్టుగా తీయించుకోవడానికి వచ్చే పిల్లలనూ చూస్తూనే ఉన్నాను.

మొదట అది ఎవరిదో తేల్చు. టాస్క్ మేనేజర్‌లో ఆ పేరు మీద మౌసు కుడి మీట నొక్కితే, ఆ ఫైలు ఉన్న చోటును తెరిచే వీలు కనిపిస్తుంది. ఆ ఫోల్డర్ ఏ తేదీన తయారైందో దాని ప్రాపర్టీస్‌లో చూడు. ఫైలు తేదీ చూడకు, అప్‌డేట్ వచ్చినప్పుడల్లా అది మారిపోతుంది. నాన్నగారు ఇంట్లో ఉన్న రోజుల్లోని తేదీ అయితే సగం అనుమానం తీరినట్టే.

ఇంకో చోటుంది, చాలామందికి తట్టదు. విండోస్ సెక్యూరిటీలో వైరస్ రక్షణకు సంబంధించిన సెట్టింగుల అడుగున మినహాయింపుల జాబితా ఒకటి ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఉంటేనే అది తెరుచుకుంటుంది. నొక్కిన మీటలు రాసుకోవడం, తెరను ఫొటో తీయడం, తీసినవి బయటికి పంపడం, తన ఉనికి దాచుకోవడం: నిఘా సాఫ్ట్‌వేర్ చేసే ఈ పనులే దొంగ సాఫ్ట్‌వేర్ కూడా చేస్తుంది. కాబట్టి యాంటీవైరస్‌కు రెండూ ఒకేలా కనిపిస్తాయి, పట్టేసుకుంటుంది. అందుకే "ముందు మా ఫోల్డర్‌ను యాంటీవైరస్ మినహాయింపుల్లో చేర్చండి" అని వాటిని అమ్మే కంపెనీలే చెబుతుంటాయి. ఆ జాబితాలో నీకు కనిపించిన ఫోల్డర్ ఉంటే, ఎవరో తీరిగ్గా కూర్చుని పెట్టారని అనుకోవచ్చు. మాయదారి వైరస్‌లు కొన్ని తమంతట తామే అందులోకి దూరతాయి గానీ, తేదీ కూడా సరిపోయిందంటే ఇక సందేహం అక్కర్లేదు.

తేదీ సరిపోకపోతే? కంప్యూటర్ పాతది కొన్నారేమో అమ్మను అడుగు. ఆఫీసుల్లో వాడి తీసేసినవి మన ఊళ్లలో బాగానే అమ్ముడవుతాయి. ఉద్యోగుల మీద పెట్టిన నిఘాను తుడవకుండానే అమ్మేసేవారున్నారు. రిపేరుకు ఇచ్చినప్పుడు పెట్టినవారుండవచ్చు, వేసవి సెలవులకు వచ్చి "నెట్ బాగుచేస్తాను" అని కూర్చున్న చుట్టాలబ్బాయి ఉండవచ్చు. నాన్నగారూ కాదు, అమ్మా కాదు అని తేలిన పక్షంలో ఇదంతా పక్కన పెట్టి, వైఫై ఆపేసి, వేరే ఫోనులోంచి అందరి పాస్‌వర్డ్‌లు మార్చి, కావలసిన ఫైళ్లు దాచుకుని ఫార్మాట్ చేయించండి. ఎవరైనా నీ ఫొటోలో, సందేశాలో చూపించి బెదిరిస్తే 1098కి ఫోను చెయ్యి. అది పిల్లల సహాయ కేంద్రం, రాత్రీపగలూ పలుకుతారు.

నాన్నగారే అనుకుని ముందుకు వెళ్దాం. ఆయన ఏమేం చూసి ఉంటారు? ఒక్కో సాఫ్ట్‌వేర్‌ది ఒక్కో తీరు. కొన్ని చూసిన వెబ్‌సైట్ల జాబితా మాత్రమే పంపుతాయి. కొన్ని నువ్వు నొక్కిన ప్రతి మీటనూ రాసుకుంటాయి. మరికొన్ని, కొద్ది నిమిషాలకోసారి తెరను ఫొటో తీసి కంపెనీ సర్వర్‌కు ఎక్కిస్తాయి, పెట్టినవారు తమ ఫోనులో తెరిచి చూసుకుంటారు. మీ కంప్యూటర్ మందగించడానికి ఈ ఎక్కింపులే కారణం కావచ్చు. తెర ఫొటోలు తీసే రకమైతే ఇన్‌కాగ్నిటోలో తెరిచినా, హిస్టరీ తుడిచేసినా లాభం లేదు. అవి బ్రౌజర్ తనలో తాను రాసుకునే చిట్టాకు సంబంధించినవి, ఇది తెరనే చూస్తుంది. వాట్సాప్ సందేశాలను దారిలో ఎవరూ చదవలేరన్నది నిజమే. కానీ నువ్వు తెర మీద తెరిచి చదువుతున్నప్పుడు ఆ తెరను ఫొటో తీసేదానికి ఆ తాళంతో పనేముంది?

కాబట్టి లెక్క ఇలా వేసుకో. స్నేహితురాలితో మాటలు ఫోనులోనే నడిచి ఉంటే ఈ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌కు అవి అందలేదు. వాట్సాప్ వెబ్‌లో తెరిచినవి అంది ఉండవచ్చు. క్రోమ్‌లో ఫోనుకూ కంప్యూటర్‌కూ ఒకే గూగుల్ ఖాతాతో సింక్ పెట్టుకుని ఉంటే, ఫోనులో చూసిన సైట్ల చిట్టా కూడా కంప్యూటర్‌లోని హిస్టరీలో కనిపిస్తుంది, అది గుర్తుపెట్టుకో. ఇంకొకటి, ఆ అమ్మాయికి ఈ సంగతి చెప్పు. తన ఇంటి గుట్టు నీకు చెప్పింది గానీ మీ నాన్నకు చెప్పలేదు. నీకు ఇబ్బందిగా ఉంటుంది, అయినా చెప్పాలి.

మీ ఇంట్లో అందరూ విండోస్‌లో ఒకే ఖాతాతో కూర్చుంటారా? చాలా ఇళ్లలో అంతే. అలాగైతే మీ తమ్ముడు అర్ధరాత్రి ఆడిన ఆట, వాడు చూసిన వీడియో, అమ్మ వెతికిన మోకాళ్ల నొప్పి మందు, నీ భౌతికశాస్త్రం పాఠం అన్నీ ఒకే మూటగా నాన్నకు చేరుతున్నాయి. ఎవరు కూర్చున్నారో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, ఏ ఖాతా తెరిచి ఉందో అదొక్కటే తెలుసు. తమ్ముడు చేసినదానికి అక్కను నిలదీసి, ఆనక సర్ది చెప్పుకోలేక అవస్థపడిన తండ్రి నాకు తెలుసు. మాట్లాడేటప్పుడు ఇది నీకు పనికొస్తుంది.

ఇక నేరమా కాదా అన్నది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చి చెప్పింది. రాజ్యాంగంలోని 21వ అధికరణం పిల్లలకూ వర్తిస్తుంది. కానీ ఆ హక్కును పట్టుకుని తండ్రి మీదికి వెళ్లే దారి ఇక్కడ సూటిగా లేదు. 2000 నాటి ఐటీ చట్టంలోని 43వ సెక్షన్ యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లో చొరబడటం గురించి మాట్లాడుతుంది. డబ్బు పెట్టి కొన్న యజమాని మీ నాన్నే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపువారి ప్రవర్తనను కంపెనీలు వెంటాడి గమనించకూడదంటుంది, కానీ ఒక వ్యక్తి తన సొంత, ఇంటి అవసరానికి చేసుకునే పనికి ఆ చట్టమే వర్తించదు. నీ మెయిల్ పాస్‌వర్డ్ పట్టుకుని నీ పేరుతో మోసానికి దిగితే అది వేరే సంగతి. ఆయన అలా చేశారని నువ్వు రాయలేదు. కాబట్టి సెక్షన్ల మాట ఎత్తకు. ఎత్తితే ఆయన తండ్రిగా మాట్లాడటం మానేసి ప్రతివాదిగా మాట్లాడతారు.

చట్టం సంగతి ఎలా ఉన్నా, చాటుగా చూడటం వేరు, చెప్పి చూడటం వేరు. సెంటర్ నడిపిన రోజుల నుంచీ నాకిది బాగా తెలుసు. 2011లో కేంద్రం సైబర్ కేఫ్‌లకు నిబంధనలు తెచ్చింది. వచ్చినవారి గుర్తింపు కార్డు చూడాలి, ఎవరు ఎప్పుడు కూర్చున్నారో, ఏ సైట్లు చూశారో చిట్టా ఏడాదిపాటు ఉంచాలి, గదుల అడ్డుగోడలు నాలుగున్నర అడుగులు దాటకూడదు, తోడు లేని మైనర్లను ఆ గదుల్లో కూర్చోనివ్వకూడదు. ఇవన్నీ గోడమీద బోర్డు రాసి పెట్టాం. కాలేజీ సీట్ల కౌన్సెలింగ్ రోజుల్లో కుర్రాళ్లు ఆ బోర్డు చదివి, నవ్వుకుని, కార్డు ఇచ్చి కూర్చునేవారు. రికార్డు ఉందని తెలుసు కాబట్టి ఎవరూ అవమానపడలేదు. అదే రికార్డు దొంగచాటుగా పెట్టి ఒకరోజు బయటపడి ఉంటే నా సెంటర్‌లోకి మళ్లీ ఎవరూ అడుగుపెట్టేవారు కాదు. అందుకే దుకాణానికి వచ్చే తండ్రులను నేను ఒకటే అడుగుతాను: "పిల్లకు చెప్పి పెట్టిస్తారా?" చెప్పనంటే పెట్టను. కొందరు కోపగించుకుని పక్క దుకాణానికి వెళ్తారు, వెళ్లనీ.

వారి భయం ఉత్తదని మాత్రం అనలేను. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం, మీ పలాస వైపు నుంచి ఎంతమంది తండ్రులు ఊరికి దూరంగా బతుకుతున్నారో నీకు తెలియనిది కాదు. పనివాళ్లుండే క్యాంపు గదిలో పక్క మంచం మీది మనిషి, వాళ్ల ఊళ్లో ఎవరి పిల్లవాడో బెట్టింగ్ యాప్‌లో అప్పులపాలయ్యాడని చెబితే ఆ రాత్రి ఈయనకు నిద్రపట్టదు. పిల్ల కాలేజీ నుంచి వచ్చే వేళకు ఇంటి అరుగు మీద కూర్చునే అవకాశం ఆయనకు లేదు. అక్కడి నుంచి చేయగలిగిందేమిటని వెతుక్కుంటే, నెలకింత చందాకు ఈ సాఫ్ట్‌వేర్ దొరికింది.

అయితే దానితోపాటు ఇంకేం కొన్నారో ఆయనకు తెలియదు. అమ్మ ఆ కంప్యూటర్‌లో బ్యాంకు ఖాతా తెరుస్తారన్నావు. దుబాయ్ నుంచి నాన్న పంపే డబ్బు పడేది ఆ ఖాతాలోనే కదా. మీటలు రాసుకునే రకమైతే ఆ పాస్‌వర్డ్, తెర ఫొటోలు తీసే రకమైతే ఖాతా నంబరు, నిల్వ, ఎవరికెంత పంపారో, అమ్మ ఎక్కడో అప్‌లోడ్ చేసిన ఆధార్, పాన్ కార్డులు అన్నీ ఎవరో ఎరగని కంపెనీ సర్వర్‌లో కూర్చున్నాయి. మామూలుగా ఓటీపీ లేనిదే డబ్బు కదలదు, నిజమే. కానీ అన్ని వివరాలూ చేతిలో ఉన్న మోసగాడు ఎంత నమ్మకంగా ఫోను చేసి ఆ ఓటీపీ కూడా చెప్పించుకోగలడో ఆలోచించు.

ఇది ఊహించి భయపెట్టడం కాదు. పీసీ టాటిల్‌టేల్ అని అమెరికాలో ఒక సాఫ్ట్‌వేర్ ఉండేది, పిల్లల మీద, ఉద్యోగుల మీద కన్నేయడానికని అమ్మేవారు. అది తీసిన తెర ఫొటోలు బయటివారికి అందేలా ఉన్నాయని 2024 మేలో తేలింది. హోటళ్లలో అతిథుల వివరాలు నమోదు చేసే కంప్యూటర్లలో కూడా అది నడుస్తోందని ఆ సందర్భంలోనే బయటపడింది. ఆ వెంటనే ఎవరో దాని వెబ్‌సైట్‌ను హ్యాక్ చేసి సమాచారం బయటపెట్టారు, కంపెనీ మూతపడింది. అంతకుముందు 2018లో, టీనేజీ పిల్లల ఫోన్ల మీద నిఘాకు అమ్మిన టీన్‌సేఫ్ అనే యాప్ సంగతీ ఇంతే. పిల్లల ఆపిల్ ఖాతాల పాస్‌వర్డ్‌లు ఉన్నవి ఉన్నట్టుగా, తాళం లేని సర్వర్‌లో దొరికాయి. దొంగల భయంతో ఇంటి తాళంచెవుల గుత్తి తీసుకెళ్లి ముక్కూమొహం తెలియని కాపలావాడి చేతిలో పెట్టినట్టుంది వ్యవహారం.

మాట్లాడటం ఎలా అంటావా? ముందు అమ్మకు చెప్పు. ఆమెను రాయబారానికి పంపడానికి కాదు, ఆ కంప్యూటర్‌లో బ్యాంకు ఖాతా తెరవడం ఈ పూటే ఆపించడానికి. తనకు ముందే తెలుసని ఆమె ముఖంలో కనిపిస్తే, అక్కడే నిలదీయకు. తర్వాత నాన్నతో నువ్వే మాట్లాడు. సందేశం రాయొద్దు, రాసిన మాటకు గొంతు ఉండదు. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ పలకదు కాబట్టి మీరు అక్కడ పలికే బోటిమ్ అనే కాలింగ్ యాప్‌లోనే మాట్లాడుకుంటారనుకుంటాను. డ్యూటీ నుంచి వచ్చి అన్నం తిన్నాక చెయ్యి. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక.

"నాన్నా, కంప్యూటర్‌లో ఈ పేరుతో ఒకటి కనిపించింది. నువ్వు పెట్టిందేనా?" అని అడిగి ఆగు. "నా మీద నమ్మకం లేదా?" అని మొదలుపెట్టకు. ఆ ప్రశ్నకు ఏ తండ్రీ లేదని చెప్పడు, ఉందని చెప్పినా నీకు తృప్తి ఉండదు. ఆయన ఔనన్నా, నసిగినా, రెండో మాట బ్యాంకు ఖాతాది. "అమ్మ ఇందులోనే బ్యాంకు చూస్తుంది నాన్నా, ఆ పాస్‌వర్డ్ కూడా ఆ కంపెనీ దగ్గరికి వెళ్తోందేమో. నీ ఫోనులోంచి ఇప్పుడే మార్చెయ్యి." చాలావరకు ఇక్కడే ఆయన స్వరం మారుతుంది. కూతురు తప్పించుకోజూడటం లేదు, తనకు తట్టని ప్రమాదం చెబుతోందని అర్థమవుతుంది. నీకు బాధ కలిగిందన్నది ఆ తర్వాత చెప్పు, తప్పకుండా చెప్పు. స్నేహితురాలి మాటలు చదివారా అని సూటిగా అడుగు, చదివి ఉంటే ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకో.

ఊరికే తీసేయమంటే ఆయన చేతులు కట్టేసినట్టవుతుంది. కాబట్టి బదులేం పెట్టుకోవాలో నువ్వే చెప్పు. ముగ్గురికీ విండోస్‌లో మూడు ఖాతాలు, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ నాన్న దగ్గర. మామూలు ఖాతాలో కూర్చుంటే తమ్ముడు దొంగ ఆటల ఫైళ్లు తెచ్చి కంప్యూటర్ అంతటికీ ఎక్కించడం కూడా చాలావరకు ఆగుతుంది. నీకూ తమ్ముడికీ మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ పెట్టమను, అదనపు డబ్బు అక్కర్లేదు. ఎంతసేపు వాడారో, ఏ యాప్‌లు, ఏ సైట్లు చూశారో వారానికోసారి ఆయనకు మెయిల్ వెళ్తుంది. నీ సందేశాలు చదవదు, తెర ఫొటోలు తీయదు. సైట్లను గమనించే, అడ్డగించే పని ఎడ్జ్ బ్రౌజర్‌లోనే చేస్తుంది, ఆ లోపం ఆయనకు ముందే చెప్పు. తర్వాత తెలిస్తే నీ మీద పడుతుంది. అది కూడా ఎప్పటిదాకా ఉంటుందో అడుగు. నీకు పద్దెనిమిది వచ్చేదాకా అంటే వాదించకు, ఎంతో దూరం లేదు.

ఒప్పుకోరనుకో. కొందరు ఒప్పుకోరు, ఆ పూటకు అరిచి ఫోను పెట్టేస్తారు. అప్పుడు కూడా రహస్యంగా తీసేయకు, దాన్ని బోల్తా కొట్టించే చిట్కాలూ వెతక్కు. అలాంటి చిట్కాల పేరుతో దొరికే ఫైళ్లలో సగం ఇంతకంటే పెద్ద దొంగలు. కంప్యూటర్‌ను చదువుకు మాత్రమే వాడుకో, బ్యాంకు పని అమ్మ ఫోనుకు మార్చు, మరో వారం ఆగి మళ్లీ అడుగు. మీ మేనమామో, బాబాయో, నాన్న మాట వినే మనిషి ఎవరైనా ఉంటే బ్యాంకు ముక్క వారి చేత చెప్పించు.

ఒప్పుకున్నాక తీసేయడానికి ఒక వరస ఉంది, తొందరపడితే చిక్కులొస్తాయి. ఫోల్డర్‌ను చేత్తో డిలీట్ చేయవద్దు. నెట్ రాకపోకలను తన గుండా తిప్పుకునే రకమైతే, ఫైళ్లు పోయినా ఆ సెట్టింగు మిగిలిపోయి ఇంటర్నెట్ మొత్తం ఆగిపోతుంది. ఇలా చేసుకుని "నెట్ రావడం లేదండీ" అని నా దగ్గరికి మోసుకొచ్చినవారున్నారు. నాన్న ముందు తన ఖాతాలోకి వెళ్లి, సర్వర్‌లో చేరిన ఫొటోలు, రికార్డులు అన్నీ తొలగించాలి. కంప్యూటర్‌లో తీసేసినంత మాత్రాన అక్కడివి పోవు. తర్వాత తన పాస్‌వర్డ్‌తో కంప్యూటర్‌లోంచి తీసేయాలి, దూరం నుంచి కూడా కొన్నిటికి వీలవుతుంది. అది అయ్యాకే ఆ ఖాతా మూసి, కార్డు నుంచి డబ్బు ఇంకా పోకుండా చందా రద్దు చేసుకోవాలి. ఖాతా ముందే మూసేస్తే తీసివేత పాస్‌వర్డ్ దొరక్క ఇబ్బంది పడతారు. ఆ తర్వాత నువ్వు మినహాయింపుల జాబితాలోంచి ఆ ఫోల్డర్ పేరు కొట్టేసి, పూర్తి స్కాన్ పెట్టు. కొన్ని నిఘా సాఫ్ట్‌వేర్లు తమ సొంత సర్టిఫికెట్‌ను, అంటే ఏ సైటును నమ్మాలో విండోస్‌కు చెప్పే గుర్తింపు పత్రాన్ని, విండోస్‌లో చేర్చి పోతాయి. సర్టిఫికెట్ల జాబితాలో ఆ కంపెనీ పేరు కనిపిస్తే అదీ తీయించు, నీకు చేతకాకపోతే తెలిసినవారి చేత. నీ మెయిల్, మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లు ఈ కంప్యూటర్‌లో మార్చేది అన్నిటికంటే చివర్న, స్కాన్ ముగిశాకే. ముందే మారిస్తే కొత్తవి కూడా అక్కడికే చేరతాయి.